కనిపెట్టిన యంత్రం, కనిపెట్టుకొని ఉండే మనిషి: డిమెన్షియా సంరక్షణలో గృహ సాంకేతికతపై నైతిక విచారణ

వ్యాస సంగ్రహం

డిమెన్షియా బారినపడిన వృద్ధులను ఇంట్లోనే చూసుకొంటున్న కుటుంబాలకు కెమెరా, తలుపు గంట, స్థానసూచిక, మాట్లాడే యంత్రం వంటి పరికరాలు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. వీటిపై చర్చ సాధారణంగా భద్రత, గోప్యత అనే రెండు విలువల మధ్య తూకంగా సాగుతుంది. ఆ తూకం మరింత మౌలికమైన ప్రశ్నను మరుగుపరుస్తుందని ఈ వ్యాసం వాదిస్తుంది. పరికరం ఎవరి భారాన్ని తగ్గిస్తున్నది, ఎవరికి అధికారాన్ని కట్టబెడుతున్నది అన్నదే ఆ ప్రశ్న. చిత్తూరు పడమటి ప్రాంతపు కుటుంబ జీవనం, తెలుగు నుడికారం, స్మృతి గురించిన తాత్త్విక చర్చ ఈ విచారణకు ఆధారాలు.

కీలక పదాలు: డిమెన్షియా, సంరక్షణ నీతి, గృహ సాంకేతికత, స్మృతి, అనుభవం, గోప్యత, పలమనేరు ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

డిమెన్షియా ఉన్నవారిని చూసుకొనే కుటుంబాలు తరచుగా వినే మాట ఒకటుంది. యాభై ఏళ్లుగా తాను కాపురం చేసిన ఇంట్లోనే కూర్చొని, పొద్దు వాలగానే ఆ వృద్ధురాలు "ఇంటికి పోవాల" అంటుంది. ఇదే నీ ఇల్లని ఎంత చెప్పినా ఒప్పుకోదు. చెంగులో ఏదో మూటగట్టుకొని గడప దాటబోతుంది. పలమనేరు యాసలో వినిపించే ఈ మాట వేరువేరు భాషల్లో లోకమంతటా సంరక్షకులకు పరిచితమే. ఆమె అడుగుతున్న ఇల్లు పుట్టినిల్లా, పిల్లలు చిన్నవారుగా ఉన్ననాటి ఇదే ఇల్లా, లేక భయం లేని చోటు అనే అర్థంలో ఏదో ఒక ఇల్లా? ఆ ప్రశ్నకు జవాబు దొరకకముందే కుటుంబం మరో ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుంది. తలుపుకు గొళ్లెం పెట్టాలా, గంట కట్టాలా, కెమెరా బిగించాలా, లేక ఆమె వెంట నాలుగు అడుగులు నడవాలా?

ఈ ప్రశ్న ఏ కొద్దిమందికో పరిమితమైనది కాదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్లు అంచనా వేసింది. పట్టణాలలో కంటే పల్లెలలో, పురుషులలో కంటే స్త్రీలలో ఇది ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిమెన్షియా సంరక్షణకు వెచ్చించే గంటలలో 70 శాతం స్త్రీలవే. మన సమాజంలో ఆ స్త్రీ భార్యో కూతురో కోడలో అయి ఉంటుంది. కనుక గృహ సాంకేతికత గురించిన చర్చలో ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలుస్తారు. ఒకరు మరచిపోతున్నవారు, మరొకరు మరవడానికి వీలు లేనివారు.

ఈ వ్యాసం క్షేత్ర సర్వే కాదు, భావనాత్మక విచారణ. పరికరాల సాంకేతిక వివరణ దీని లక్ష్యం కాదు. ఒక పరికరం ఇంట్లోకి రావడం ఎప్పుడు ధర్మబద్ధమవుతుంది, ఎప్పుడు కాదు అనే ప్రశ్నకే ఇది పరిమితం.

2. చూడటం, చూసుకోవడం

సంరక్షణ, పరిచర్య, శుశ్రూష అనేవి తెలుగులో గ్రంథస్థమైన మాటలు. నిత్యవ్యవహారంలో మనం వాడేది 'చూసుకోవడం'. "మీ అమ్మను ఎవరు చూసుకొంటున్నారు?" అని అడుగుతామే గాని, ఎవరు సంరక్షిస్తున్నారని అడగం. చూడు ధాతువుకు కొను అనుప్రయుక్తమైనప్పుడు వచ్చే అర్థభేదం ఇక్కడ గమనించదగినది. క్రియాఫలం కర్తకు చెందుతుందని కొను సూచిస్తుంది. వండుకొను, కట్టుకొను, దాచుకొను వంటి రూపాలలో ఇది స్పష్టం. చూసుకొను అన్నప్పుడు చూసినవాడు ఆ చూపు ఫలితాన్ని తన మీద వేసుకొంటాడు. పడిపోబోయే మనిషిని చూసినవాడికి ఒక దృశ్యం తెలుస్తుంది. చూసుకొనేవాడికి ఆ క్షణమే ఒక పని ఏర్పడుతుంది.

ఇటువంటి జంటే మరొకటి ఉంది. 'కనిపెట్టు' అంటే కొత్తగా కనుగొను, ఆవిష్కరించు అని వాడుక. అదే క్రియకు కొను, ఉండు చేరితే 'కనిపెట్టుకొని ఉండు' అవుతుంది. పురిటి మంచం దగ్గర, రోగి పక్కన, అవసరం ఎప్పుడు వస్తుందో తెలియకపోయినా వచ్చినప్పుడు అందుకోవడానికి సిద్ధంగా ఉండటం దాని అర్థం. 'శుశ్రూష' కూడా వ్యుత్పత్తి రీత్యా వినాలనే కోరికను చెప్పే పదం. అంటే మన భాషావ్యవహారంలో సేవను తెలిపే మాటలు చూపునూ వినికిడినీ ఆధారం చేసుకొని పుట్టినా, ఇంద్రియం దగ్గరే ఆగిపోలేదు. ఆ ఇంద్రియం వెనుక కట్టుబడిన మనిషిని కూడా అవి తమలో ఇముడ్చుకొన్నాయి.

వ్యాకరణం నీతిని నిరూపించదు. ఒక భాషా సమాజం ఏ భేదాన్ని ముఖ్యమని గుర్తించిందో మాత్రం అది చూపగలదు. యంత్రం చూడగలదు, వినగలదు, గుర్తుపెట్టుకోగలదు. ఆ చూపును 'చూసుకోవడం'గా మార్చే కొను ఎక్కడి నుంచి వస్తుంది, దాని బరువు ఎవరి మీద పడుతుంది అన్నవి ఈ వ్యాసానికి కేంద్రమైన ప్రశ్నలు.

3. పడమటి చిత్తూరు ఇల్లు

నీతి చర్చ శూన్యంలో సాగితే ఏ విలువనైనా సులభంగా సమర్థించవచ్చు. అందుకే ఒక నమూనా గృహాన్ని ముందు పెట్టుకొందాం. ఇది ఏ ఒక్క కుటుంబపు కథా కాదు. ప్రాంతపు జీవనంలో కనిపించే అంశాలతో విచారణ కోసం కూర్చిన ఉదాహరణ.

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల పల్లెలలో పాడి, కూరగాయలు, టమాటా, పట్టుపురుగుల పెంపకం ప్రధానమైన బతుకుతెరువులు. ఇవన్నీ గడియారానికి కట్టుబడిన పనులు. తెల్లవారుజామునా సాయంత్రమూ పాలు పితకాలి. పట్టుపురుగులకు రోజుకు పలుమార్లు మల్బరీ ఆకు వేయాలి. నాలుగో జ్వరం దాటి గూడు కట్టేదాకా అవి ఆబగా తింటాయి. ఆ రోజుల్లో షెడ్డు వదిలి కదలడం కష్టం. చదువుకొన్న పిల్లలు ఉద్యోగాలకు బెంగళూరు వెళతారు. మన నమూనా ఇంట్లో జేజికి డెబ్బై అయిదేళ్లు దాటాయి. కొడుకు బెంగళూరులో పని చేస్తాడు, వీలున్న ఆదివారం వచ్చిపోతాడు. ఇంట్లో ఉండేది కోడలు. ఆవులు, పురుగులు, బడికి పోయే పిల్లలు, జేజి అందరూ ఆమె వంతే.

జేజి గుడియాత్తం వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఈ సీమలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాకిట్లో వినిపించడం వింత కాదు. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారి కంటే సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు అందులో తేలింది. చదువు లేనివారిలోనూ ఈ తేడా కనిపించింది. మదనపల్లె, పుంగనూరులకు సరిహద్దు అవతల, కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెలలో బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్లు దాటినవారిని దీర్ఘకాలం పరిశీలించే బృహత్ అధ్యయనం నడుపుతున్నది. తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. అంటే వృద్ధాప్యపు మరపు గురించిన శాస్త్రం ఈ ప్రాంతపు భాషాజీవనానికి చాలా దగ్గరగా వచ్చింది.

బహుభాషా జీవనం పరికరానికి కూడా ఒక పరీక్షే. వ్యాధి ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష జారిపోయి బాల్యభాష పైకి రావడం సంరక్షకులు చూస్తూనే ఉంటారు. జేజి ఒక్కోసారి తెలుగు మాటల మధ్య తమిళంలో నీళ్లడుగుతుంది. పక్కింటివారికి అది అర్థమవుతుంది. పత్రికల తెలుగుతో శిక్షణ పొందిన మాట్లాడే యంత్రానికి ఆ కలగలుపు పలుకు అంతుపట్టకపోవచ్చు. "మీరు మందులు వేసుకొనే సమయమైంది" అని అది చెప్పే మాట కూడా జేజి చెవికి పరాయిదే. "అత్తా, మాత్రలు మింగితివా?" అన్న పలుకులో మాత్రల సంగతితో పాటు అడిగిన మనిషి ఎవరన్న సంగతి కూడా ఉంది. మరపు కమ్మిన మనిషికి ఆ రెండో సంగతే ఎక్కువ ఆసరా కావచ్చు.

4. పరికరం ఇవ్వగలిగినది

యంత్రాన్ని అనుమానించడం రచయితలకు సులభం. రాత్రి మూడుసార్లు లేచే కోడలికి అంత సులభం కాదు. అందువల్ల పరికరాల మేలును ముందుగా నిజాయితీగా ఒప్పుకోవాలి. మంచం దిగగానే దానంతట అదే వెలిగే దీపం జేజిని పడిపోకుండా కాపాడవచ్చు. తలుపు తెరిస్తే మోగే చిన్న గంట ఉంటే కోడలు సగం మెలకువతో పడుకోవలసిన అవసరం తగ్గుతుంది. ఉదయం, రాత్రి అని గడులు కట్టిన మాత్రల పెట్టె ఒకే మందు రెండుసార్లు పడకుండా చూస్తుంది. పొయ్యి దగ్గర గ్యాసు వాసన పసిగట్టే పరికరం ఇల్లంతటినీ కాపాడుతుంది. మెడలోనో చేతికో ఉండే స్థానసూచిక దారి తప్పిన మనిషిని చీకటి పడేలోపు ఇంటికి చేర్చగలదు. కాపలాలోని నిరంతర జాగరూకత మనిషి ఆరోగ్యాన్ని తినేస్తుంది. యంత్రం అలసిపోదు. అలసటను యంత్రానికి అప్పగించడంలో అధర్మం లేదు.

అయితే పరికరాల మీద పెట్టుకొన్న ఆశకు ప్రయోగాలు హద్దు చూపాయి. ఇంగ్లండులో డిమెన్షియా ఉన్న 495 మందితో 'అటిలా' అనే పెద్ద ప్రయోగం జరిగింది. కొందరి ఇళ్లలో అవసరాన్ని అంచనా వేసి పూర్తి స్థాయి సహాయక పరికరాలు అమర్చారు. మిగిలినవారికి పరిమితమైన పరికరాలే ఇచ్చారు. పూర్తి స్థాయి పరికరాల వల్ల వృద్ధులు తమ ఇళ్లలో ఉండగలిగిన కాలం పెరగలేదు, కుటుంబ సంరక్షకుల భారంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరోవైపు గోవాలో 81 కుటుంబాలతో జరిగి 2008లో ప్రచురితమైన ప్రయోగంలో ఏ యంత్రమూ లేదు. శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు ఇంటింటికీ వెళ్లారు. వ్యాధి గురించి చెప్పారు, ప్రవర్తనలో వచ్చే మార్పులను ఎదుర్కొనే తీరు నేర్పారు, సంరక్షకుల గోడు విన్నారు. అక్కడ సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది.

ఈ రెండు ప్రయోగాలూ వేరువేరు దేశాలవి, వేరువేరు ఫలితాలను కొలిచాయి. కనుక ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయడం తగదు. పరికరాలు నిష్ప్రయోజనమని కూడా ఇవి చెప్పవు. పరికరం మోగినప్పుడు వచ్చేవారు ఎవరన్నది పరికరం కంటే ముందు తేలవలసిన ప్రశ్న అని మాత్రం సూచిస్తాయి. కౌండిన్య అభయారణ్యం అంచు పొలాలలో ఏనుగులను ఆపడానికి సౌరకంచెలు వేశారు. ఏనుగు ఎందుకు వస్తున్నదన్న ప్రశ్నతో కంచెకు పని లేదు. తలుపు తాళం కూడా అటువంటిదే. గడప దాటబోతున్న జేజి అడుగును అది ఆపుతుంది, "ఇంటికి పోవాల" అన్న మాటను వినదు. గంట మేలైనది కావడానికి కారణం అది మనిషిని పిలుస్తుంది. పిలిచినా వచ్చేవారు లేని ఇంట్లో గంట కూడా తాళమే అవుతుంది.

5. స్మృతి పోయినా మిగిలే మనిషి

పరికరాల వినియోగాన్ని సమర్థించే వాదాలలో పైకి చెప్పని ఒకటి తరచు దాగి ఉంటుంది. "ఆమెకు ఎలాగూ గుర్తుండదు" అన్నదే ఆ వాదం. స్నానాల గదిలో కెమెరా పెట్టినా, కొడుకు గొంతును ముద్రించి రోజూ వినిపించినా, ఆమెకు ఆ సంగతి మరుక్షణం జ్ఞాపకముండదు గనుక నష్టం లేదని దాని భావం. దీన్ని తాత్త్వికంగానే ఎదుర్కోవాలి.

స్మృతినీ వ్యక్తిత్వాన్నీ ఒకటిగా చూసే ధోరణికి పెద్ద చరిత్ర ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ వ్యక్తి అభిన్నతకు గతాన్ని తనదిగా గుర్తించే చైతన్యాన్ని ఆధారం చేశాడు. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో స్మృతిభ్రంశం నుంచి బుద్ధినాశం, దాని నుంచి సర్వనాశం వస్తాయన్న క్రమం ఉంది. ఆ వాక్యాన్ని డిమెన్షియాకు అన్వయించడం మాత్రం పొరపాటు. అక్కడ స్మృతి అంటే శాస్త్రాచార్యుల ఉపదేశం వల్ల కలిగిన సంస్కారం. విషయచింతనతో మొదలై క్రోధం మీదుగా వచ్చే నైతిక పతనాన్ని ఆ శ్లోకాలు చెబుతున్నాయి, మెదడు కణాల క్షీణతను కాదు.

ఈ సందర్భంలో ఎక్కువ వెలుగునిచ్చేది తర్కశాస్త్రం. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించాడు. సంస్కారం వల్ల మాత్రమే పుట్టేది స్మృతి. దానికి భిన్నమైనది అనుభవం. మన సంప్రదాయ పాఠశాలలలో ప్రారంభ విద్యార్థి నేర్చే ఈ విభాగం ఇక్కడ ఒక నైతిక నిర్ణయానికి దారి చూపుతుంది. స్మృతి అనుభవజన్య సంస్కారం మీద ఆధారపడుతుంది గాని, అనుభవం తన ఉనికి కోసం భావి స్మృతి మీద ఆధారపడదు. నిన్నటి స్నానం జేజికి గుర్తుండకపోవచ్చు. నేటి స్నానంలో నీళ్లు చల్లగా ఉన్నాయని, ఎవరో చూస్తున్నారని కలిగే ముడుచుకుపాటు పూర్తి అనుభవమే. మరచిపోయిన అవమానం జరగని అవమానం కాదు. 1997లో వెలువడిన టామ్ కిట్‌వుడ్ గ్రంథం డిమెన్షియా చర్చను వ్యాధి నుంచి వ్యక్తి వైపు మళ్లించింది. చుట్టూ ఉన్నవారు ఇచ్చే గుర్తింపులో వ్యక్తిత్వం నిలుస్తుందని ఆయన వాదం. అన్నంభట్టు విభాగం ఆ వాదానికి మనవైపు నుంచి ఒక పునాదిని అందిస్తుంది.

స్మృతిని అమితంగా గౌరవించే సంస్కృతి మనది. అవధాన విద్యను తలచుకొంటేనే ధారణ గుర్తుకు వస్తుంది. అయినా 'అవధానం' అనే పదానికి మూలార్థం ఏకాగ్రత. ధారణ అందులో ఒక భాగమే. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఆలోచనను జ్ఞాపకపు ప్రతిస్పందనగా వివరించి, అవధానాన్ని దాని నుంచి వేరు చేశారు. ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగే వృద్ధురాలి ఎదుట కూర్చొన్న కోడలికి అవసరమైనది ఈ అవధానమే. అవధాన సభలో అప్రస్తుత ప్రసంగి అడ్డుమాట వేస్తే, అవధాని అతన్ని కసరడు. ఆ మాటకు తగిన మాట చెప్పి, తన దారిని విడువకుండా ముందుకు సాగుతాడు. "ఇంటికి పోవాల" అన్న మాటకు "ఇదే నీ ఇల్లు" అని వాదించడం కసరడం వంటిది. "మీ ఊర్లో బావి దగ్గర చింతమాను ఉండేది కదా అత్తా" అనడం ప్రసంగాన్ని అందుకోవడం. ఈ రెండో జవాబులో అబద్ధం లేదు, ఖండనా లేదు.

ముద్రించిన గొంతుల సమస్యకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. "రేపు వస్తానమ్మా" అన్న కొడుకు గొంతును యంత్రం రోజూ సాయంత్రం పలికితే జేజి శాంతించవచ్చు. ఆ మాటను నమ్మే విశ్వాసం ఆమెలో మిగిలి ఉండటం వల్లనే ఆ ఉపాయం ఫలిస్తుంది. కొడుకు నిజంగా వచ్చే ఇంట్లో ఆ గొంతు ఆదివారాల మధ్య వంతెన. రాని ఇంట్లో అది మిగిలిన విశ్వాసాన్ని ఖర్చు చేయడమే. ముద్రణ ఒకటే, ధ్వని ఒకటే. మాట వెనుక మనిషి ఉన్నాడా లేడా అన్న దాన్ని బట్టి దాని నైతిక స్వభావం మారుతుంది.

6. కెమెరా ఎవరి చేతిలో

ఇప్పుడు కోడలి వైపు తిరగాలి. జేజి భద్రత కోసమని బిగించిన కెమెరా జేజిని మాత్రమే చూడదు. కోడలు ఎన్ని గంటలకు లేచింది, అన్నం ఎప్పుడు పెట్టింది, విసుక్కొందా, ఫోనులో ఎంతసేపు మాట్లాడింది అన్నీ బెంగళూరులోని తెర మీద కనిపిస్తాయి. ఆరు గంటలకు ఫోను మోగుతుంది: "అమ్మ ఇంకా కాఫీ తాగినట్టు లేదే?" అడిగినవాడికి ఇది ప్రేమే. విన్న మనిషికి లెక్క అప్పజెప్పడం. చూడటం ఒకరిదీ, చూసుకోవడం మరొకరిదీ అయినప్పుడు కొను బరువంతా ఇంట్లో ఉన్న స్త్రీ మీదే పడి, చూపు ఇచ్చే అధికారం దూరంగా ఉన్నవారికి దక్కుతుంది. భద్రత, గోప్యత అనే తూకం ఈ అన్యాయాన్ని పట్టుకోలేదు. ఆ తూకంలో ఉన్నది రోగి ఒక్కరే. సంరక్షకురాలు లెక్కలోకే రాదు.

చట్టం ఇక్కడ సహాయపడుతుందా? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కాని ఒక వ్యక్తి తన సొంత లేదా గృహ అవసరం కోసం జరిపే సమాచార సేకరణకు ఈ చట్టం వర్తించదని అందులోనే ఉంది. కెమెరా అమ్మిన సంస్థ బాధ్యతలు వేరు, బిగించిన కొడుకు బాధ్యత వేరు. కొడుకు విషయంలో ఈ చట్టం గడప దగ్గర ఆగిపోతుంది. ప్రతి ఇంటి పడకగదిలోకీ చట్టం రావడం కోరదగినది కూడా కాదు. కనుక లోపల జరిగేదాన్ని నిర్ణయించవలసినది కుటుంబ ధర్మమే. ఆ ధర్మాన్ని ఎవరూ మాటల్లో పెట్టకపోతే, ఫోను ఎవరి చేతిలో ఉంటే వారి మాటే ధర్మమవుతుంది.

ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్రలోనే దీనికి భిన్నమైన కెమెరా ఒకటి ఉంది. 2002లో కుప్పంలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 'ఐ-కమ్యూనిటీ' పథకాన్ని ప్రారంభించింది. అందులో భాగంగా స్వయంసహాయక బృందాల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌరశక్తి పరికరం ఇచ్చి పల్లె ఫొటోగ్రాఫర్లుగా తయారు చేశారు. పెళ్లిళ్లలోనూ పల్లె సందర్భాలలోనూ వారు ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చేవారు. ఆ పథకం కొన్నేళ్లకే ముగిసింది. దాని మొత్తం ఫలితాల చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఆ స్త్రీలు మాత్రం కెమెరాకు ఇవతల నిలబడ్డారు. ఏది తీయాలో, ఎప్పుడు ఆపాలో వారి వేలు నిర్ణయించింది. డిమెన్షియా సంరక్షణలో మనం అడగవలసిన ఏర్పాటు ఇదే. కెమెరా ఉండవచ్చు. దాని మీట ఇంట్లో ఉన్న సంరక్షకురాలి చేతిలో ఉండాలి. ఆమె ఆవుల కొట్టంలో ఉన్నప్పుడు, మల్బరీ తోటలో ఉన్నప్పుడు జేజిని చూడటానికి అది ఆమెకు పనికిరావాలి. ఆమెను చూడటానికి మరొకరికి కాదు.

7. రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ సంప్రదాయం పేరిట వస్తుంది. తల్లిదండ్రుల సేవ పిల్లల ధర్మం, అందులోకి యంత్రం రావడమే పతనమని అంటారు. 1998లో వెలువడిన లారెన్స్ కోహెన్ గ్రంథం కాశీ కేంద్రంగా వృద్ధాప్య మానసిక క్షీణతను పరిశీలించింది. ముసలివారి మతి తప్పడాన్ని మెదడు వ్యాధిగా కంటే చెడిపోయిన కుటుంబానికి గుర్తుగా చదివే అలవాటును అది చూపింది. మన దగ్గరా ఇంతే. "కోడలు సరిగా చూసుకోక" అన్న మాట వైద్య నిర్ధారణ కంటే వేగంగా ఊరు తిరుగుతుంది. ధర్మాన్ని పొగిడి, దాని భారాన్ని ఒక్కరి మీద మోపి, ఆ ఒక్కరికి అందే సహాయాన్ని పతనమనడం న్యాయం కాదు. ఇటువంటి సంప్రదాయవాదం కంటే తలుపు గంట ధర్మానికి ఎక్కువ దగ్గర.

రెండో ఆక్షేపణ వాస్తవం పేరిట వస్తుంది. మనుషులు లేరు, జీతం ఇచ్చి పెట్టుకోలేరు, కనుక యంత్రమే గతి, మిగిలినదంతా తత్త్వచింతన అంటారు. దీనికి జవాబు మదనపల్లె పక్కనే ఉంది. 20వ శతాబ్దం రెండో దశకంలో ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం శానటోరియం వెలసింది. రోగిని ఇంటి నుంచి తెచ్చి మంచి గాలి, విశ్రాంతి, పర్యవేక్షణ ఉన్న చోట ఉంచడమే నాటి చికిత్స. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఇంటి దగ్గర మందులు వాడినవారి ఫలితాలు శానటోరియంలోని వారి ఫలితాలకు తీసిపోవని 1959లో చూపింది. చికిత్స ఇంటికి మారగలిగింది. కాని మాత్రలు ఒక్కటే ఇంటికి పోలేదు. వాటి వెంట ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య సిబ్బంది కూడా వెళ్లారు. ఆ రాకపోకలలో తనిఖీ ఉంది, పరామర్శ కూడా ఉంది.

క్షయకూ డిమెన్షియాకూ పోలిక పరిమితమే. డిమెన్షియాను నయం చేసే మందు లేదు. అయినా ఒక పాఠం వర్తిస్తుంది. సంరక్షణను ఇంటికి అప్పగించినప్పుడు సమాజం కూడా ఆ ఇంటికి నడిచి వెళ్లాలి. ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పక్కింటివారు, నెలకు రెండు రోజులు వంతు తీసుకొనే ఆడపడుచు, సెలవు పెట్టి వచ్చే కొడుకు అందరూ ఆ నడకలో భాగస్థులు. మనుషులు లేరన్న మాట చాలాసార్లు నిజం. వంతు పంచుకోలేదన్న మాట అంతకంటే ఎక్కువసార్లు నిజం. మనుషుల వంతుకు ప్రత్యామ్నాయంగా యంత్రం వస్తే ఆ లోటు శాశ్వతమవుతుంది. వారి వంతుకు తోడుగా వస్తే భరించదగినదవుతుంది.

8. ముగింపు

పై విచారణ నుంచి ఏ పరికరానికైనా వర్తించే నాలుగు ప్రశ్నలు తేలుతున్నాయి. ఒకటి, ఇది మోగినప్పుడు వచ్చేవారు ఎవరు, వారి పేరు ముందే తెలుసా? రెండు, దీనివల్ల ఇంట్లో ఉన్న సంరక్షకురాలికి నిద్రో తీరికో మిగులుతున్నదా, లేక ఆమె మీద మరో కన్ను మొలుస్తున్నదా? మూడు, మరచిపోతుందన్న ధీమాతో కాక, ఈ క్షణంలో వృద్ధురాలికి కలిగే అనుభవాన్ని లెక్కలోకి తీసుకొని దీన్ని అమర్చారా? నాలుగు, వ్యాధి తొలిదశలో, ఆమె చెప్పగలిగిన రోజుల్లోనే, ఆమెను అడిగారా? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో తన చికిత్స గురించి వ్యక్తి ముందుగా చెప్పి ఉంచే ముందస్తు ఆదేశాలకు చోటు ఇచ్చింది. ఆ స్ఫూర్తిని ఇంట్లోని సంభాషణకు తేవడానికి చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. "రేపు నాకు మతి తప్పితే నన్ను ఎక్కడ చూడవచ్చు, ఎక్కడ చూడకూడదు" అన్న మాట తల్లి నోట వినడం పిల్లలకు కష్టమే. విని ఉండటం తరువాతి రోజుల్లో వారికి ఊరట.

ఈ నాలుగింటిలో ఏదైనా ఒక ప్రశ్నకు జవాబు లేకపోతే పరికరాన్ని పారవేయాలని కాదు. ఆ జవాబు దొరికేదాకా దాని పని పూర్తి కాలేదని గ్రహించాలి.

సాయంత్రం జేజి మళ్లీ "ఇంటికి పోవాల" అంటుంది. తలుపు గంట మోగుతుంది. ఆవుల కొట్టంలో ఉన్న కోడలు చేతులు కడుక్కొని వస్తుంది. ఆ గంట వల్ల ఆమెకు అర నిమిషం ముందుగా తెలిసింది. అంతవరకు యంత్రం చేసిన మేలు. తరువాత ఇద్దరూ వీధి చివరి వేపచెట్టు దాకా నడిచి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగి వస్తారు. వచ్చిన ఇల్లు తాను అడిగిన ఇల్లు అవునో కాదో జేజి ఆ పూటకు అడగకపోవచ్చు. ఆ నడకకు కోడలికి తీరిక మిగలాలి, ఓపిక మిగలాలి. గృహ సాంకేతికత విలువను కొలవవలసినది ఆ మిగులుతోనే.